పాత జిప్సీ మీటర్లు, లోపలి పని: విశాఖ ఉప్పుగాలికి ఏవి నిలిచాయి?

బండి: 970 సీసీ కార్బురేటర్ మారుతి జిప్సీ, గుడ్డ టాప్.

కొత్త మీటరు బోర్డు కొనేముందు ఎర్త్ వైర్లు (కరెంటు తిరిగి వెళ్లడానికి బాడీకి బిగించేవి) చూడండి. ఏళ్ల తరబడి వాడాక తేలింది ఇదే. ఈ బండిలో మీటర్లు చెడిపోవడం తక్కువ, కనెక్షన్లు పచ్చబారడం ఎక్కువ. బీచ్ రోడ్డు వైపు కవర్ కప్పి ఉంచే బండ్లకు ఈ బెడద ఇంకా ఎక్కువ, కవర్ కింద చేరిన చెమ్మ బయటికి పోదు.

పెట్రోలు ముల్లు, టెంపరేచర్ ముల్లు ఒకేసారి తప్పు చూపిస్తే సెండర్ల (ట్యాంకులో, ఇంజన్‌కు ఉండి మీటరుకు కొలత పంపే సెన్సర్లు) జోలికి పోవద్దు. రెండింటికీ కరెంటు ఇచ్చే చిన్న వోల్టేజ్ రెగ్యులేటర్ మీటరు బోర్డులోనే ఉంటుంది. అది పోయినా, దాని ఎర్త్ వదులైనా రెండూ కలిసే దారి తప్పుతాయి. హెడ్‌లైట్లు వేయగానే ముళ్లు కదిలాయంటే తప్పు ఎర్త్‌దే. పెట్రోలు ముల్లొక్కటే లేవకపోతే ఇగ్నిషన్ ఆన్ చేసి, సెండర్ వైరును ట్యాంకుకు దూరంగా ఉన్న కనెక్టర్ దగ్గర విప్పి, రెండు మూడు సెకన్లు బాడీకి తాకించండి. ముల్లు ఫుల్ వైపు లేస్తే మీటరు బాగున్నట్టే. ట్యాంకు దగ్గర మాత్రం ఈ పని చేయకండి, చిన్న నిప్పురవ్వ చాలు.

మేం బోర్డు వెనక నుంచి బాడీకి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు విడిగా వేశాం. వైరు చివరి రింగును బాడీకి బిగించే చోట పెయింటు గీకి, స్టార్ వాషర్ పెట్టి, బిగించాక పైన వాజిలైన్ పూయాలి. మొత్తం పనిలో అతి చవకైనది ఇదే, ఎక్కువ ఫలితం ఇచ్చిందీ ఇదే. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లును నమ్మగలగడం చిన్న విషయం కాదు.

బోర్డు వెనక ప్లాస్టిక్ షీటు మీది రాగి గీతలను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. గీత తెగితే తెగిన చోటును దాటేలా సన్న వైరు టంకం (సోల్డర్) వేయొచ్చు. సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు మించకూడదు, షీటు కరిగిపోతుంది. లైటింగ్ బల్బుల స్థానంలో ఎల్‌ఈడీలు బాగానే పనిచేశాయి, వెలగకపోతే తిప్పి పెట్టాలి. చార్జింగ్ వార్నింగ్ బల్బు మాత్రం మామూలుదే ఉంచండి. చాలా ఆల్టర్నేటర్లకు (బ్యాటరీని చార్జ్ చేసేవి) మొదటి కరెంటు ఆ బల్బు గుండానే అందుతుంది. అక్కడ ఎల్‌ఈడీ పెడితే చార్జింగ్ మొదలు కాకపోవచ్చు.

స్పీడోమీటరు ముల్లు ఊగుతుంటే మీటరు విప్పకండి. లోపలి కేబుల్ లాగి, తుడిచి, పలచగా గ్రీజు రాయండి. మీటరు వైపు చివర పది సెంటీమీటర్లు పొడిగా వదలాలి. అక్కడా రాస్తే గ్రీజు మీటర్లోకి పాకి, అయస్కాంతం దగ్గర పేరుకుని ముల్లును పట్టేస్తుంది.

లోపలి పనిలో డబ్బు దండగ అనిపించింది కార్పెట్. కింద ఫెల్ట్ ఉంటే అది వాన నీళ్లను పీల్చుకుని ఫ్లోరును తినేస్తుంది, పైకి ఏమీ కనిపించదు. దాన్ని తీసేసి, తుప్పు గీకి, జింక్ ప్రైమర్, పెయింటు వేసి, విడిగా ఎత్తగలిగే రబ్బరు మ్యాట్లు పరిచాక సమస్య తీరింది. ఫ్లోరులోని రబ్బరు బిరడాలు తీసి కడిగి ఆరబెట్టుకోవచ్చు. చప్పుడు కొంత పెరిగింది, అది ఒప్పుకోవాల్సిందే.

సీట్లకు 40 డెన్సిటీ ఫోమ్, మందమైన రెక్సిన్ చాలు. గాజువాక ఆటోనగర్ వైపు పని చేయించుకునేవాళ్లు దారం సంగతి ముందే అడగండి. నూలు దారమైతే చెమ్మకు కుళ్లి, రెక్సిన్ బాగున్నా కుట్టు విడిపోతుంది. పాలిస్టర్ దారమే కావాలని గట్టిగా చెప్పాలి.

ఇప్పటికీ తృప్తినివ్వనిది డ్యాష్‌బోర్డు ఒక్కటే. స్క్రూల చుట్టూ పగుళ్లకు ఎపాక్సీ జిగురు పెడితే వేసవిలో మళ్లీ విచ్చుకుంది. ప్లాస్టిక్ వెల్డింగ్ చేసి వెనక పట్టీ వేస్తే కాస్త మెరుగు. స్క్రూలు మరీ బిగించకుండా కింద రబ్బరు వాషర్లు పెట్టాక కొత్త పగుళ్లు రాలేదు.