"నట్టల మందు తాగించాం" అన్న మాట నమ్మి కొత్త జీవాలను మందలో కలపకండి

గొర్రెలో మేకలో కొనబోతున్నవాళ్లు బేరం కుదుర్చుకునే ముందు ఇది చదవండి. నేను 12 గొర్రెలు కొన్నాను. రెండు నెలలు తిరిగేలోపు 5 గొర్రెలను పూడ్చిపెట్టాను. అందులో రెండు కొన్నవి కావు, నా దగ్గరే పుట్టి పెరిగినవి. నేను తొందరపడి కలపకపోతే ఆ రెండూ ఇవాళ బతికి ఉండేవి.

"మూడు నెలలకోసారి నట్టల మందు తాగిస్తాం, మొన్ననే తాగించాం" అని అమ్మినతను సీసా కూడా చూపించాడు. "పెంటికలు చూడండి, ఒక్క పురుగు కనబడుతుందా?" అన్నాడు. కనబడలేదు. పారుడు కూడా లేదు. ఇంకేం కావాలి అనుకుని అదే రోజు మందలో కలిపేశాను.

మూడో వారంలో ఒక గొర్రె మంద వెనకపడటం మొదలుపెట్టింది. మర్నాటి సాయంత్రానికి దవడ కింద నీరు దిగి మెత్తగా వాచింది. తెల్లారేసరికి చచ్చిపోయింది. డాక్టరు కోసి చూపిస్తే నాలుగో పొట్ట నిండా సన్నని దారాల్లాంటి ఎర్రటి నట్టలు. హీమాంకస్ అంటారట. ఒక్కో నట్ట రోజుకు 0.05 మి.లీ. దాకా రక్తం పోగొడుతుంది. వెయ్యి ఉంటే రోజుకు 50 మి.లీ. పైగా ఈ నట్ట ఒక్కటే ఉంటే చాలాసార్లు పారుడు ఉండదు, పెంటికలు గట్టిగానే పడతాయి. పెంటికల్లో బియ్యపు గింజల్లా కనబడేవి బద్దె పురుగు ముక్కలు. జీవాలను ఇంత వేగంగా చంపేది అది కాదు. హీమాంకస్ గుడ్లు మైక్రోస్కోపు కింద తప్ప కనబడవు.

ఆడ నట్ట రోజుకు వేల గుడ్లు పెడుతుంది. వెచ్చగా, తడిగా ఉంటే వారంలోనే పిల్లపురుగులు గడ్డి మీదికి పాకుతాయి. వాటిని మేసిన గొర్రె పొట్టలో మరో మూడు వారాలకు మళ్లీ గుడ్లు మొదలు. నా సొంత గొర్రెలు నెలన్నర తర్వాత పడిపోవడానికి కారణం ఇదే.

అమ్మినతను మందు తాగించలేదని నేననను. తాగించే ఉంటాడు. అతను చూపించిన ఆల్బెండజోల్‌నే నేనూ తూకం వేసి మరీ తాగించాను. ముందు పేడ పరీక్షలో గ్రాముకు 2,400 గుడ్లు ఉంటే, 14 రోజుల తర్వాత 1,900. పనిచేసే మందైతే 95 శాతమైనా తగ్గాలి. ఏళ్ల తరబడి అదే మందు, అదీ అందాజా బరువుకి వేస్తే, దానికి చావని నట్టలే మిగిలి పెరుగుతాయి. ఫెన్‌బెండజోల్‌కి మారినా లాభం ఉండదు, రెండూ ఒకే జాతి మందులు.

కాబట్టి కొనేముందు పగటి వెలుతురులో ప్రతి జీవం కింది కనురెప్ప తిప్పి చూడండి. లోపలి పొర ఎర్రగా ఉండాలి. పాలిపోయి తెల్లగా ఉంటే ఎంత కండ పట్టి ఉన్నా వద్దు. ఇందుకోసం దక్షిణాఫ్రికాలో తయారైన ఫమాచా రంగుల కార్డు ఉంది, 1 అంటే ఎరుపు, 5 అంటే తెలుపు. దవడ కింద కూడా చేత్తో తడిమి చూడండి. పేడ పరీక్షకు అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే నేనైతే అక్కడితో వెనక్కి తిరుగుతాను.

కొన్నాక విడిగా కట్టేయండి. డాక్టరును అడిగి వేర్వేరు జాతుల మందులు కలిపి వేయించండి, రెండు వారాలకు మళ్లీ పరీక్ష చేయించండి. మేకలు కొన్నవాళ్లు మరీ జాగ్రత్త: గొర్రె డోసు చాలా మందుల్లో మేకకు చాలదు, అలాగని లెవమిసోల్ అనే నట్టల మందు కాస్త ఎక్కువైనా ప్రమాదం. మీరే లెక్కలు కట్టుకోవద్దు. ఇంకో సంగతి, మందు వేసిన వెంటనే ఎప్పుడూ మేపని కొత్త పచ్చికలోకి తోలకండి. అక్కడ గుడ్లు పెట్టేవి మందుకు చావని నట్టలు మాత్రమే అవుతాయి.

అమ్మినతనికి ఫోన్ చేస్తే, "మా దగ్గర ఉన్నన్నాళ్లూ బాగానే ఉన్నాయి" అని పెట్టేశాడు. నా దగ్గర మిగిలినవాటికి మందు మార్చాక గుడ్లు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. కొంటామని వచ్చినవాళ్లకు ఆ పరీక్ష కాగితమే చూపించి వెనక్కి పంపిస్తున్నాను.