కార్డుల కిట్టు: స్టాంపులు భేష్, ఇంకు ప్యాడే తుస్సు

చేత్తో గ్రీటింగ్ కార్డులు మొదలుపెట్టేవాళ్ల కోసం ఆన్‌లైన్‌లో అమ్మే కిట్లు ఇంచుమించు ఒకే బాపతు. క్లియర్ స్టాంపుల షీటు, స్టాంపును అతికించి పట్టుకునే యాక్రిలిక్ బ్లాకు, నల్ల ఇంకు ప్యాడు, ఆరంగుళాల డిజైన్ పేపర్లు. ఇక్కడ చెప్పుకునే కిట్టూ అంతే.

స్టాంపులకు వంక పెట్టలేం. ఫోటోపాలిమర్ అనే పారదర్శక ప్లాస్టిక్‌వి కాబట్టి అవతలి కాగితం కనిపిస్తుంది, ఎక్కడ పడాలో చూసుకుని మరీ అద్దొచ్చు. కాకపోతే కొత్తలో ఇంకు నిలవదు. చుక్కలు చుక్కలుగా విడిపోయి అచ్చు మచ్చలుగా పడుతుంది. దాన్ని చూసి వెనక్కి పంపేయకండి. తయారీలో మిగిలిన జిడ్డు అది, తెల్ల ఎరేజరుతో పైపైన రుద్దితే పోతుంది. స్టాంపును ప్యాడు మీద గుద్దకుండా, స్టాంపును తిరగేసి పట్టుకుని ప్యాడుతోనే దాని మీద తట్టాలి. కాగితం కింద మౌస్ ప్యాడ్ వేసి నిటారుగా నొక్కి, అటూ ఇటూ ఊపకుండా ఎత్తేయాలి. ఊపితే బ్లాకు అంచు కూడా అచ్చు పడుతుంది.

బ్లాకు మరీ చిన్నది. పొడుగు వాక్యాల స్టాంపు పక్కకు వేలాడుతుంది, చివరి అక్షరాలకు ఒత్తిడి అందదు.

ఇక ఇంకు. దీని మీద వాటర్ కలర్ వేస్తే గీతలు కరిగిపోతాయి, ఆల్కహాల్ మార్కర్ (స్పిరిట్ ఇంకుతో రంగులు వేసే పెన్ను) వేస్తే నలుపు పాకుతుంది. ఎలాగూ వేరే ప్యాడు కొనాల్సిందే. ఆల్కహాల్ మార్కర్లు వాడేవాళ్లు మెమెంటో టక్సీడో బ్లాక్ అనే ప్యాడు తీసుకోండి. సన్నటి అక్షరాలకూ వాటర్ కలర్‌కూ వెర్సాఫైన్ ఆనిక్స్ బ్లాక్ ప్యాడు నయం. అది పిగ్మెంట్ ఇంకు, అంటే రంగుపొడి కలిపినది, ఆరడానికి టైము పడుతుంది, నిగనిగలాడే కాగితం మీద ఇంకా ఎక్కువ. దాని మీద మాత్రం ఆల్కహాల్ మార్కర్ పెట్టకండి.

డిజైన్ పేపర్ రంగులు బాగున్నాయి, మందమే తక్కువ. కార్డుకు ఇది ఆగదు. 250-300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) కార్డ్‌స్టాక్, అంటే మందపాటి కాగితం, వేరే కొనాలి, కిట్టులో లేదు. ఏ4 షీటును సగానికి కోసి మడిస్తే 105×148 మి.మీ. కార్డు వస్తుంది, సీ6 సైజు కవరులో సరిగ్గా పడుతుంది. పైన అంటించే ముక్క 95×138 కోస్తే చుట్టూ 5 మి.మీ. అంచు మిగులుతుంది. ఆరంగుళాల షీటులో ఇంకో 57 మి.మీ. పట్టీ మిగులుతుంది, లోపలి పేజీకి వాడుకోవచ్చు. తెల్ల జిగురు రాయొద్దు, తడికి పలచటి కాగితం ఉబ్బి అలలు తేలుతుంది. డబుల్ సైడ్ టేపే మేలు. మడిచే ముందు రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు వెంట గాడి గీయండి. కాగితం ఏ వైపు తేలిగ్గా వంగుతుందో ఆ వైపే మడత రావాలి. అడ్డంగా మడిస్తే మడత మీద పగుళ్లు లేస్తాయి.

స్టాంపుల మీద మాటలన్నీ ఇంగ్లీషే. ‘ఉగాది శుభాకాంక్షలు’ కావాలంటే ఆఫీసు ముద్రలు చేసే రబ్బరు స్టాంపుల షాపులో చేయించుకోవడమే. అక్షరం మరీ చిన్నదైతే ‘క్ష’ లోపలి సందులు ఇంకుతో పూడిపోతాయి, కాస్త పెద్దగా పెట్టమనండి. దానంతటదే ఇంకు పూసుకునే రకం వద్దు, పిడి ఉన్నదే అడగండి. అప్పుడే మీకు నచ్చిన రంగు అద్దుకోవచ్చు.