ఎయిర్ ఫిల్టర్: ఊదించాలా, మార్చాలా, కడిగేది కొనాలా?

ఒంగోలు నుంచి పొదిలి వైపు రోజూ తిరిగే మావాళ్లలో డీజిల్ కారున్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు నన్ను అడిగేది ఇదే: "అన్నా, ఎయిర్ ఫిల్టర్ ఊదించుకుంటే చాలదా, ప్రతిసారీ కొత్తది వేయాలా?" ఇంజనులోకి పోయే గాలిని వడకట్టే మడతల కాగితం ఫిల్టర్ గురించే ఆ ప్రశ్న. ఈ మధ్య దానికి ఇంకోటి తోడైంది, కడిగి మళ్లీ మళ్లీ వాడుకునే కాటన్ ఫిల్టర్ మంచిదేనా అని. పోయిన నెల నా పాత డిజైర్‌కే ఈ సంగతి తేల్చుకోవాల్సి వచ్చింది కాబట్టి అందరికీ కలిపి ఒకసారే రాసేస్తున్నా.

ముందు మన దుమ్ము సంగతి. కర్నూలు రోడ్డెక్కి చీమకుర్తి దాటేదాకా ముందు టిప్పరు, వెనక గ్రానైట్ దిమ్మె లారీ, మధ్యలో మనం. రాళ్లు కోసే ఫ్యాక్టరీల బురద ఎక్కడ పోసినా ఎండాక పిండి అయిపోతుంది, లారీ చక్రం కిందపడి లేచేది ఆ పిండే. మామూలు పొలం మట్టి వేరు, ఈ రాతి పొడి వేరు. సిలిండరు గోడల్నీ పిస్టన్ రింగుల్నీ ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. పైగా డీజిల్ ఇంజను స్పీడు తగ్గించడానికి గాలిని నొక్కిపట్టదు, డీజిల్‌నే తగ్గిస్తుంది, గాలి మాత్రం లాగుతూనే ఉంటుంది. దానికి తోడు ఇంజనులోకి గాలిని నొక్కి పంపే టర్బో. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే ఆ చిన్న చక్రం రెక్కలకు ఇసుక రేణువు తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అందుకే నా లెక్కలో పికప్పు, మైలేజీ, ఖర్చు అన్నీ తర్వాత. చూడాల్సింది ఒక్కటే: ఫిల్టర్ దాటి అవతలికి ఏం పోతోంది?

అది చూడటం తేలిక. ఫిల్టర్ డబ్బా నుంచి టర్బో వైపు వెళ్లే లావు గొట్టం విప్పి, వేలికి తెల్ల గుడ్డ చుట్టి లోపలి గోడకు రాయండి. రెండేళ్ల క్రితం దాకా నేనూ అందరిలాగే నెలకోసారి పంచర్ షాపులో ఊదించేవాణ్ణి. కుర్రాడు టైర్లకు కొట్టే గన్ను తెచ్చి, కాగితం మడతలకు బెత్తెడు దూరంలో పెట్టి సర్రున కొడితే మేఘంలా దుమ్ము లేచేది, ఫిల్టర్ తెల్లగా కనిపించేది, మనకు తృప్తిగా ఉండేది. ఒకరోజు అనుమానమొచ్చి గొట్టంలో వేలు పెడితే బూడిదరంగు పొడి అంటుకుంది, ముగ్గుపిండి అంత మెత్తగా. ఆ ఫిల్టర్‌ని ఎండకు పెట్టి చూస్తే రెండు మడతల అంచున సూది మొనంత వెలుతురు కనిపించింది.

టైరు షాపు కంప్రెసర్‌లో ఒత్తిడి 100 పీఎస్‌ఐ పైనే ఉంటుంది, ఆ కాగితం దానికి ఆగదు. ఇంకో సంగతి, ఇది చాలామంది నమ్మరు: కొంచెం మాసిన ఫిల్టర్ కొత్తదానికంటే బాగా వడకడుతుంది. కాగితం మీద పేరుకున్న పలచటి దుమ్ము పొర కూడా జల్లెడలా పనిచేస్తుంది. మనం ఊదించి ఆ పొర తీసేసి, ఉన్న కాగితాన్ని కూడా చెడగొట్టి, శుభ్రమైందని సంబరపడతాం. డబ్బా విప్పిన ప్రతిసారీ అంచున ఉన్న దుమ్ము అవతల వైపు రాలడం, రబ్బరు అంచు సరిగా కూర్చోకపోవడం మామూలే. ఆ అంచులో వెంట్రుకంత సందున్నా ఎంత మంచి ఫిల్టరైనా దండగే.

కాబట్టి నా ఓటు కాగితం ఫిల్టర్‌కే. ఊదించను, సమయానికి మారుస్తా. సర్వీసు పుస్తకంలో దుమ్ము రోడ్లకు వేరే లెక్క ఉంటుంది, అది చూడండి. నేనైతే 10,000 కిలోమీటర్లకు మార్చేస్తున్నా. నా కారుకు నాలుగైదు వందల్లో వస్తుంది, అర ట్యాంకు డీజిల్ ధర కూడా కాదు. మరీ తప్పదనుకుంటే చేత్తో నెమ్మదిగా తట్టండి, లేదా 30 పీఎస్‌ఐ లోపు గాలిని శుభ్రంగా ఉన్న వైపు నుంచి బయటికి కొట్టించండి, అంతే. (ఏసీ ఫిల్టర్ సంగతి వేరు అబ్బయ్యా, అది కారులో కూర్చున్న మనకొచ్చే గాలికి, దాన్ని ఊదించుకున్నా ఇంజనుకేమీ కాదు. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.)

ఇక కాటన్ ఫిల్టర్. వేలల్లో ధర, జీవితాంతం వస్తుందంటారు, గాలి ధారాళంగా పోతుందంటారు, అబద్ధమేమీ కాదు. చిక్కంతా దానికి రాసే నూనెతో. తక్కువైతే దుమ్ము దాటిపోతుంది. ఎక్కువైతే నూనె తుంపర పోయి గాలిని కొలిచే సెన్సర్ మీద పొరలా పడుతుంది, ఇంజను లెక్క తప్పుతుంది, పికప్పు పోతుంది, డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. కడిగాక నీడన పూర్తిగా ఆరాలి, అప్పటిదాకా కారు కదలకూడదు. నిజంగా అంత ఓపికగా చేసేవాళ్లుంటే, అదీ హైవే మీదే తిరిగేవాళ్లయితే, వేసుకోండి. చీమకుర్తి రోడ్డుకు మాత్రం నేను వద్దనే అంటా. ఫోమ్ ఫిల్టర్లు బైకులకు సరే, మన కార్లకు వదిలేయండి.

ఇంజను గాలి లాగే మూతికి అడ్డంగా పెట్టే జాలీ గురించి నెల్లూరు వైపు వాళ్లు ఎక్కువ అడుగుతారు. కోవూరు పక్క వరికోతల టైములో ఆ మూతి దగ్గర గడ్డిపరకలు, పురుగులు చేరతాయి. జాలీ వాటికే, దుమ్మును ఆపదు. కొందరు దోమతెర ముక్క కట్టేస్తారు, అది వారంలో మూసుకుపోయి ఇంజనుకు ఊపిరాడదు. అదే తెర ముందు గ్రిల్లు నిండా కడితే రేడియేటరుకూ గాలి తగ్గుతుంది. కంపెనీ ఇచ్చిన పెద్ద కంతల జాలీ ఉంటే చాలు, నెలకోసారి పాత టూత్‌బ్రష్‌తో దులపండి, కోతల సీజనులో వారానికోసారి.

నీళ్లకు జాలీ అడ్డం కాదని కూడా గుర్తుపెట్టుకోండి. వానలో నీళ్లున్న రోడ్డు దాటి వచ్చాక బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ కొట్టకుండా ముందు డబ్బా విప్పి చూడండి, కాగితం తడిసి ఉంటే నీళ్లు లోపలికి పోయి ఉండొచ్చు, మెకానిక్‌ను పిలవాల్సిందే. చాలా కార్లలో ఆ డబ్బా అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న కంత ఉంటుంది. నా కారులో అది రాతి పొడితో సిమెంటులా గట్టిపడి పూడిపోయింది, చీపురుపుల్లతో పొడిస్తే గానీ రాలేదు.