బ్లాగ్‌కి కొత్త విషయాలు: గూగుల్ ట్రెండ్స్ చూడాలా, కౌంటర్ దగ్గర వినాలా?

పోచంపల్లి చీరలు అమ్మే ఒక దుకాణం వారానికో వ్యాసం రాయాలనుకుందనుకోండి. విషయాలు ఎక్కడ దొరుకుతాయి?

గూగుల్ ట్రెండ్స్ ఉచితం. ఏ మాటను ఏ నెలలో, ఏ రాష్ట్రంలో ఎక్కువ వెతుకుతున్నారో చూపిస్తుంది. అయితే అందులోని 0 నుంచి 100 అంకెలు వెతికినవాళ్ల సంఖ్య కాదు, ఆసక్తి ఎంత పెరిగింది, తగ్గింది అనే పోలిక మాత్రమే. పైగా అదే గ్రాఫ్ పోటీ దుకాణాలకూ కనిపిస్తుంది.

కౌంటర్ దగ్గర వచ్చే ప్రశ్నలు అలా కాదు. "ఇది నేసిందా, ప్రింటా?" "ఉతికితే రంగు పోతుందా?" "డబుల్ ఇక్కత్‌కి అంత ధరెందుకండీ?" ఒక్కో ప్రశ్న ఒక్కో వ్యాసం. మొదటిదానికే ఎంత చెప్పొచ్చో చూడండి. పోచంపల్లి చీరల నేత పద్ధతైన ఇక్కత్‌లో నేయకముందే దారాలను అక్కడక్కడా బిగించి కట్టి రంగుల్లో ముంచుతారు. అందుకే డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, దాని అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. ప్రింటు చీర వెనక వైపు సాధారణంగా వెలిసినట్టుంటుంది. డబుల్ ఇక్కత్‌లోనైతే పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డ దారాలు) రెండింటికీ ఇలాగే రంగు వేయాలి. ఎంత ఓపిక కావాలో!

నా ఓటు కౌంటర్‌కే. వాట్సాప్‌లో వచ్చే ప్రశ్నల్ని కూడా అడిగినవాళ్ల మాటల్లోనే నోట్‌బుక్‌లో రాసుకోండి. శ్రావణమాసానికి ముందు ఏ వ్యాసం పెట్టాలో తేల్చుకోవడానికి మాత్రం ట్రెండ్స్ పనికొస్తుంది.