సీరియల్ లైట్లా, బంతిపూలా, ఆకాశబుట్టా? బెంగళూరులో ఏ ఇంటికి ఏది మేలు

ముందే చెప్పేస్తున్నా, పండక్కి ఇంటి ముందుభాగం అలంకరించడంలో చేయగలిగిన తప్పులన్నీ నేను చేసేశాను. బెంగళూరు వచ్చిన పద్నాలుగేళ్లలో మూడు రకాల ఇళ్లలో ఉన్నాం. మొదట బసవనగుడిలో ఒక పాత పెంకుటింటి పక్క పోర్షన్, తర్వాత రామమూర్తినగర్‌లో అన్నయ్య వాళ్ల ఇంటి పైఅంతస్తు, ఇప్పుడు వైట్‌ఫీల్డ్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఏడో అంతస్తు. మూడింటికీ అదే అట్టపెట్టెలోని అవే రంగుల సీరియల్ లైట్లు కట్టాను. ఎక్కడా కుదరలేదు. బసవనగుడిలో అయితే పెళ్లి డెకరేషన్ సగంలో వదిలేసి పనివాళ్లు భోజనానికి వెళ్లినట్టు ఉండేది.

అందుకే ఇప్పుడు ఎవరైనా "ఏ లైట్లు కొనమంటావు?" అని అడిగితే, ముందు ఇంటి ఫొటో పంపమంటాను.

పాత ఇళ్ల సంగతి ముందు, ఎందుకంటే నాకు వాటి మీదే ఇష్టం ఎక్కువ. 1898లో ప్లేగు వచ్చాక, ఇరుకు పేటలు వదిలి గాలీ వెలుతురూ ఉండేలా వేసిన లేఅవుట్లు బసవనగుడి, మల్లేశ్వరం. అక్కడా, కంటోన్మెంట్ వైపు కుక్ టౌన్, రిచ్‌మండ్ టౌన్ లోనూ ఇంకా మిగిలిన బంగళాలను చూస్తే కిటికీల మీద, వాకిలి మీద ముందుకు పొడుచుకొచ్చిన కోణాకారపు చెక్క గొడుగు ఉంటుంది. దాని అంచున వరసగా నిలువు పలకలు, ఒక్కో పలక కొసన చెక్కిన మొన. దీన్నే మంకీ టాప్ అంటారు. పైన మంగళూరు పెంకులు, కింద ఎర్ర గచ్చు. ఇలాంటి ఇంటికి ముస్తాబు అప్పటికే అయిపోయి ఉంది, మనం చేయాల్సింది దాన్ని కప్పేయకుండా ఉండటం.

నేను మొదటి ఏడాది సరిగ్గా కప్పేశాను. చూరు పొడవునా మిణుకు మిణుకుమనే రంగుల లైట్లు, స్తంభాలకు చుట్టూ ఇంకో రెండు సెట్లు, అవి కట్టడానికి మా ఆయన పైకెక్కి రెండు పెంకులు పగలగొట్టాడు కూడా. మర్నాటి వానకు స్టోర్‌రూమ్ కారింది. ఇంటి ఓనరు అజ్జి ఏమీ అనలేదు కానీ నేను మేకు తీసేసరికి మాత్రం పరిగెత్తుకొచ్చింది, "మొళె హొడీబేడమ్మా!" (మేకు కొట్టొద్దమ్మా) అంటూ. వందేళ్ల సున్నం గోడ, మేకు దిగితే అరచేయంత పెచ్చు ఊడుతుంది.

మరుసటి ఏడాది ఆవిడే చూపించింది. మంకీ టాప్ పలకల వెనక, వాకిలి దీపం ఉండే చోట ఒకే ఒక్క పసుపు వెలుగు బల్బు. చీకటి పడగానే ఆ పలకల నీడలు గోడ మీద చారలు చారలుగా పడ్డాయి, మొనలన్నీ పళ్లవరసలా నేల మీదకి దిగాయి. అరుగుకి (కన్నడలో జగలి అంటారు) ఆ చివర రెండు ఈ చివర రెండు ప్రమిదలు. పొద్దున పూట చూడటానికి బంతిపూల దండ ఒకటి, పలకల అంచుకి పురికొసతో కట్టింది. అంతే. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి ఫొటోలు తీసుకున్నారు.

కాబట్టి పాత బంగళాకి లైట్లా పూలా అంటే పూలే, సందేహం లేదు. లైట్లు పెడితే తప్పకుండా వార్మ్ వైట్ (పసుపు ఛాయ వెలుగు), పెట్టె మీద 2700 కె లేదా 3000 కె అని ఉంటుంది చూడండి (కె అంటే కెల్విన్, వెలుగు రంగు కొలత). ఎర్ర పెంకు మీద 6500 కె తెల్ల లైటు పడితే పెంకు పాలిపోయి బూడిదరంగులోకి పోతుంది. డిసెంబరులో అయితే కుక్ టౌన్ వైపు ఇళ్లు చూడండి, వాకిలి కోణం సరిగ్గా మధ్యలో ఒక్క కాగితపు నక్షత్రం, లోపల బల్బు. ఆ ఇంటి ఆకారానికి దానికి మించింది నాకు తట్టలేదు.

పూలు కేఆర్ మార్కెట్లో తెల్లారకముందే కొనాలి. బెంగళూరులో 1905లో కరెంటు దీపాలు మొదట వెలిగిన చోటూ అదేనట, ఇప్పుడు పూలగుట్టల మధ్య స్తంభం కూడా కనపడదనుకోండి. అక్కడ పూలు మారు లెక్కన కొలుస్తారు. నేను మారు అంటే మన మూర అనుకుని ఎనిమిది అడిగి, మోయలేక ఆటో మాట్లాడుకున్నాను. మారు అంటే మన బార, రెండు చేతులు చాపినంత. బంతిదండ మూడు రోజులు ఉంటుంది, వాన తడిస్తే బరువెక్కి మధ్యలో వేలాడుతుంది, అందుకని ప్రతి రెండడుగులకూ ఒక ముడి వేయాలి.

ఇక బెంగళూరులో ఎక్కడ చూసినా కనపడే 30 బై 40 అడుగుల సైటు ఇల్లు. అన్నయ్యది అదే. ముందు ఎలివేషన్‌లో రాతి క్లాడింగ్ (గోడకి అతికించిన రాతి పలకలు) ఒక పట్టీ, పక్కన గాజు, పైన స్టీలు రెయిలింగ్, సిమెంటు జాలీ, గోడకి గీతలు. అప్పటికే ఐదు రకాలు. దానికి మళ్లీ మనం రంగులు మారే స్ట్రిప్ లైట్లు పెడితే పండగ కళ రాదు, సెల్‌ఫోన్ షోరూమ్ కళ వస్తుంది. ఈ మాట అన్నయ్యతో అంటే "నీకు పాతవే నచ్చుతాయిలే అమ్మాయ్" అని కొట్టిపారేశాడు. గోడ గీతల్లో రిమోట్ స్ట్రిప్ దిగింది.

2025లో దీపావళి అక్టోబరు 20న వచ్చింది. బెంగళూరుకి సెప్టెంబరు, అక్టోబరు నెలలంటే వానల నెలలు, అది అందరికీ తెలుసు, మాకూ తెలుసు, అయినా షాపులో "వాటర్‌ప్రూఫే సార్" అన్నాడని నమ్మేశాం. స్ట్రిప్‌కి పైన సిలికాన్ పూత నిజంగానే ఉంది. అడాప్టరుకి లేదు. అది సన్‌షేడ్ మీద నీళ్లలో కూర్చుంది. సరిగ్గా లక్ష్మీపూజలో కూర్చున్నప్పుడు మెయిన్ ట్రిప్ అయి ఇల్లంతా చీకటి. మళ్లీ పైకి లేపితే మళ్లీ పడిపోయింది, చివరికి వదిన టార్చి పట్టుకుంటే హారతి ఇచ్చాం. తిట్టుకున్నాం గానీ ట్రిప్ అవడమే మంచిది, ఆ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) లేని ఇంట్లో తడి గ్రిల్లు పట్టుకున్నవాళ్లకి షాక్ కొట్టేది. బయటకి కొనేటప్పుడు పెట్టె మీద ఐపీ నంబరు (దుమ్మునీ నీళ్లనీ ఎంత ఆపుతుందో చెప్పేది) చూడండి, ఐపీ 44 ఉంటే చినుకులకి ఆగుతుంది, ఐపీ 65 ఉంటే గట్టి వానకీ ఆగుతుంది, ఐపీ 20 అంటే హాల్లో పెట్టుకోవాల్సిందే. ప్లగ్గూ అడాప్టరూ మాత్రం ఏ నంబరు ఉన్నా ఇంటి లోపలే.

నా లెక్కలో ఈ ఇంటికి ఒకే గీత చాలు. పిట్టగోడ అంచు. 30 అడుగుల సైటులో పక్కల ఖాళీ పోను ఇల్లు పాతిక అడుగుల లోపే, పది మీటర్ల సెట్టు ఒకటి సరిపోతుంది. పైనుంచి కిందికి జారే కర్టెన్ లైట్లు ఈ ఇళ్లకి నాకు నచ్చవు, కిటికీలు మూసుకుపోతాయి, పైగా మూడో రోజుకి నాలుగు వరసలు ఆరిపోయి పళ్లూడిన దువ్వెనలా కనిపిస్తుంది. ఇక్కడ గోడ తెలుపో బూడిదో కాబట్టి కూల్ వైట్ కూడా మరీ అన్యాయంగా ఉండదు, నేనైతే వార్మే పెడతాను. కరెంటు బిల్లు గురించి వదిన పడినంత టెన్షన్ అక్కర్లేదు. వంద బల్బుల ఎల్ఈడీ సెట్టు సుమారు 5 వాట్లు తింటుంది, పది సెట్లు ఆరు గంటలు వెలిగినా యూనిట్‌లో మూడో వంతు కూడా కాదు.

పూలైతే ఈ ఇంట్లో గేటుకే అందం. ఆయుధపూజకి గేటుకి అటూ ఇటూ అరటిపిలకలు కడితే ఎలివేషన్ ఎంత గందరగోళంగా ఉన్నా కన్ను గేటు దగ్గరే ఆగుతుంది. ప్రమిదలకి మాత్రం చోటుండదు, స్టీలు రెయిలింగ్ మీద ఏం నిలబడుతుంది? మెట్ల మీద పెడితే కింద పళ్లెం పెట్టండి, లేతరంగు గ్రానైట్ నూనె పీల్చుకుంటే ఆ మరక మళ్లీ దసరా దాకా పలకరిస్తుంది.

అపార్ట్‌మెంట్ గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. కింద రోడ్డు నుంచి చూస్తే మన బాల్కనీ ఒక అగ్గిపెట్టె. మాకు గాజు రెయిలింగ్, అసోసియేషన్ వాళ్లు రెయిలింగ్ అవతలికి ఏదీ వేలాడకూడదన్నారు, న్యాయమే, ఏడో అంతస్తు నుంచి పడితే ఎవరి తల పగులుతుందో. ప్రమిద పెడితే ఐదు నిమిషాల్లో గాలికి కొండెక్కుతుంది. అక్కడ గెలిచేది ఆకాశబుట్టి (లోపల దీపం పెట్టి వేలాడదీసే బుట్ట) ఒక్కటే. కాగితంది కొంటే మొదటి రాత్రే చిరిగింది, గుడ్డది కొని పైన ఒక తాడు, కింద రెండు తాళ్లు కట్టాను. గాజులో ఇంకో బుట్టి కనిపిస్తుంది, ఒకదాని డబ్బుకి రెండు. లైట్లు రెయిలింగ్‌కి చుడితే గాజులో అవీ రెట్టింపే, కానీ గజిబిజి రెట్టింపవుతుంది.

ఫ్లాటుకి అసలు ముందుభాగం బాల్కనీ కాదు, గుమ్మం. మామిడితోరణం, గుమ్మానికి పసుపు కుంకుమ, పక్కన చిన్న ముగ్గు. మా అత్తయ్య చిన్నది అంటే ఒప్పుకోలేదు, సంక్రాంతికి లిఫ్టు దాకా రథం ముగ్గు లాగేసింది, గొబ్బెమ్మలకి పేడ ఏదమ్మా అని సెక్యూరిటీని అడిగింది. ఎదురింటి కన్నడ వాళ్లు చెరకుగడ తెచ్చి మా తలుపు పక్కన నిలబెట్టారు. మర్నాడు హౌస్‌కీపింగ్ అమ్మాయి ముగ్గు తొక్కకుండా గోడవారగా నడిచింది.

ఆ రంగుల సీరియల్ లైట్ల పెట్టె ఇప్పటికీ అన్నయ్య వాళ్ల కార్‌షెడ్‌లో ఉంది. కావాలంటే తీసుకెళ్లండి, ఒక సెట్టులో సగం వెలగవు.