రాళ్ళ మీద ఆరేళ్ళు నిలిచిన గాలం రాడ్డు

హైదరాబాదులో కాపురం ఉంటూ సముద్రంలో గాలం వేసే రాడ్డు కొన్నానంటే మా అపార్టుమెంటు వాచ్‌మన్ ఇప్పటికీ నవ్వుతాడు. పదకొండు అడుగుల పొడవు, మూడు ముక్కలు, ఫైబర్‌గ్లాసూ కార్బనూ కలిపి చేసినది. ఆరేళ్ళ కిందట 4,800 రూపాయలు పెట్టాను. ఏడాదికి నాలుగైదు సార్లు సాయంత్రం నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారాక విశాఖలో దిగుతాను. నిలబడేది ఇసుక మీద కాదు, తెన్నేటి పార్కు కింద రాళ్ళ మీద. 2020 అక్టోబరులో వాయుగుండం దెబ్బకు బంగ్లాదేశ్ ఓడ ఒకటి కొట్టుకొచ్చి ఇరుక్కుపోయింది ఆ పార్కు దగ్గరే. ఓడకే తప్పని చోట రాడ్డు ఒక లెక్కా?

లెక్క కాదని దీనికి ముందు కొన్న మొదటి రాడ్డుతోనే తెలిసింది. అది పూర్తి కార్బన్. చేతిలో ఉన్నట్టే ఉండదు, సీసం గుండు ఎంత దూరం పోతుందో చూస్తే గర్వంగా ఉండేది. మూడో ప్రయాణంలో నూరు గ్రాముల గుండు విసరబోతే ఎండు కందికట్టె విరిగినట్టు ఫట్‌మని రెండయింది. తరువాత విరిగిన చోటు చూస్తే గోటి గీతంత నొక్కు కనిపించింది. ముందు రోజు ఎర మారుస్తూ రాడ్డును రాతికి ఆనించాను, అల వచ్చి కిందికి జార్చింది. కార్బన్ బిగువుగా ఉంటుంది, అందుకే అంత దూరం విసురుతుంది. కానీ పైపొరలో నొక్కు పడితే వంపు బలమంతా అక్కడే చేరుతుంది. ఆ రోజు విరగకపోయినా మరో రోజు విరుగుతుంది. పక్కన గాలం వేస్తున్న పెద్దాయన ముక్కలు చూసి, "చేప విరవలేదు బాబూ, నువ్వే విరిచావు" అన్నాడు. రైల్లో తిరిగి వస్తూ రాత్రంతా ఆ మాటే నెమరేసుకున్నాను.

గాజు అంటే పగిలేదని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. రాళ్ళ మీద మాత్రం గాజుపీచే, అంటే ఫైబర్‌గ్లాసే బతికింది. ఈ కలగలుపు రకాన్ని 1976లో అమెరికాలో షేక్స్‌పియర్ అనే కంపెనీ అగ్లీ స్టిక్ పేరుతో తెచ్చింది. నాది ఆ రాడ్డు కాదు, ఆ తరహాది. ఆరేళ్ళలో కనీసం ఇరవై సార్లు రాతికి కొట్టుకుంది. రంగు లేచిపోయింది, గీతలు పడ్డాయి, అయినా విరగలేదు. దానికి చెల్లించే మూల్యం బరువు. అంతకు ముందుదాని కంటే పావు కిలో పైనే ఎక్కువ. గంటసేపు పట్టుకుంటే భుజం లాగుతుంది. విసురు కూడా పాతదానంత దూరం పోదు. అయితే రాళ్ళ మీద నుంచి వేసేటప్పుడు కాళ్ళ కిందే లోతు ఉంటుంది, చేపలు రాళ్ళ వారనే మేస్తుంటాయి. దూరం మీద నాకున్న మోజు రెండేళ్ళలో తీరిపోయింది.

కొనేటప్పుడు నేను పొరపాటు పడింది గాలం దారం దూరి పోయే రింగుల దగ్గర. కర్రనే వంచి వంచి చూశాను, రింగులను పట్టించుకోలేదు. అల్లిక దారం వాడితే అది రంపంలా కోస్తుంది, నాసిరకం రింగులో గాడి పడుతుంది. రాతి దెబ్బకు లోపలి పింగాణీ వలయం సన్నగా బీటలిచ్చినా కంటికి ఆనదు. రెండో ఏడు, మంచి చేప పడిందనుకున్న క్షణంలో దారం తెగిపోయింది, కారణం ఆ బీటే. అప్పటి నుంచి బయలుదేరే ముందు ప్రతి రింగులోనూ దూదిని తిప్పి చూస్తాను. పోగు తగులుకుంటే ఆ రింగు మార్చాల్సిందే. చివరి రింగు ఇప్పటికి రెండుసార్లు మార్చాను, అది పెద్ద పనేమీ కాదు. మధ్య రింగుకు మాత్రం దారం చుట్టి పైన పూత వేయించాలి, తెలిసినవాళ్ళకు ఇవ్వడం నయం.

రాడ్డు మీద 80–150 గ్రాములు అని రాసి ఉంటుంది. అందులో ఎర బరువూ కలిసే ఉందని చాలామంది మరచిపోతారు. నూట ఇరవై గ్రాముల గుండుకు పెద్ద చేప ముక్క గుచ్చితే హద్దు దాటినట్టే. గుండు రాళ్ళలో ఇరుక్కుంటే రాడ్డుతో గుంజకూడదు. రాడ్డును దారం పోయే వైపే చూపించి, చేతికి తువ్వాలు చుట్టుకుని దారాన్నే లాగాలి. గుండును నేను బలహీనమైన దారంతో కడతాను, తెగితే గుండు మాత్రమే పోతుంది. రెండు కిలోల పార చేప పడినప్పుడు కూడా రాడ్డును నిట్టనిలువుగా ఎత్తి చేపను రాయి మీదకు లాగొద్దు, కొన దగ్గరే విరుగుతుంది. పొడవు పిడి ఉన్న వల కావాలి. నాకు ఆ వల మోయడం బద్ధకం, అందుకే రెండు చేపలు పోగొట్టుకున్నాను.

మూడు ముక్కలదే ఎందుకు అంటే రైలు కోసం. ఒక్కో ముక్క నాలుగడుగుల లోపే కాబట్టి బెర్తు కింద పడుతుంది. రెండు ముక్కలదైతే ఆరడుగుల వరకు ఉంటుంది, తోటి ప్రయాణికులతో రాత్రంతా పేచీ. ముక్కలు ఎక్కువైతే అతుకులూ ఎక్కువే, అతుకులో ఉప్పూ ఇసుకా చేరితే ఊడి రావు. లోపలికి దూరే కొనకు కొవ్వొత్తి మైనం రుద్దుతాను. ఇంటికి రాగానే కడగాలి కానీ మా బోరు నీళ్ళతో కడిగితే ఆరాక తెల్ల చారలు మిగులుతాయి. అందుకని చివరగా తాగే నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడుస్తాను. మా ఆవిడ దీన్ని రాడ్డుగారి స్నానం అంటుంది.

ఇంకో వింత, సముద్రం లేని ఈ ఊళ్ళోనే, ప్రగతినగర్‌లో, దేశానికంతటికీ అలల సూచనలిచ్చే ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉంది. టికెట్ తీసే ముందు వాళ్ళ సూచన చూస్తాను. అలలు రెండు మీటర్లు దాటతాయంటే ప్రయాణం మానుకుంటాను. తడిసిన రాయి మీద జారితే రాడ్డు సంగతి తరువాత, మనం లేవాలి కదా.

ఇప్పుడున్న లోపం ఒక్కటే. దారం చుట్టే రీలును రాడ్డుకు బిగించే మర వదులైంది, లోపలి లోహాన్ని ఉప్పు తినేసి పొక్కులు లేచాయి. ప్రస్తుతానికి సైకిలు ట్యూబు ముక్క చుట్టి లాగిస్తున్నాను. దసరాకు ముందు దాన్ని మార్పించాలి.