కూచిపూడి, మృదంగం, నాటకం ఉన్న శాఖలో ఒకే సాఫ్ట్‌వేర్: ఎనిమిది సెమిస్టర్ల తర్వాత

మాది ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ప్రదర్శన కళల శాఖ. కూచిపూడి, కర్ణాటక సంగీతం, రంగస్థల కళలు మూడూ ఒకే భవనంలో. నేను నాట్యం చెబుతాను. దాంతోపాటు టైంటేబుల్, అటెండెన్స్, ఇంటర్నల్ మార్కుల పని 2021 నుంచి నా మీదే ఉంది. ఆ ఏడాదే అన్ని శాఖలకూ కలిపి ఒక సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఎనిమిది సెమిస్టర్లు వాడాను. కళల శాఖల్లో ఈ పని చూసేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు బాగున్నది చెప్తాను. బస్ పాస్‌కో, స్కాలర్‌షిప్‌కో బోనఫైడ్ కావాలంటే ఇదివరకు పిల్లలు మూడు రోజులు ఆఫీసు చుట్టూ తిరిగేవారు. ఇప్పుడు పది నిమిషాల్లో చేతికి వస్తోంది. సెమిస్టర్ క్రెడిట్లను, విద్యార్థుల క్రెడిట్లు జమయ్యే జాతీయ ఆన్‌లైన్ వ్యవస్థ అయిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌కి పంపడం కూడా తేలికైంది. పిల్లల 12 అంకెల అపార్ నంబర్ (విద్యార్థికి ఇచ్చే జాతీయ గుర్తింపు సంఖ్య) అడ్మిషన్ రోజే తప్పు లేకుండా ఎక్కిస్తే చాలు. దీనికి పూర్తి మార్కులు.

అసలు ఇబ్బంది గంటల లెక్క దగ్గర మొదలైంది. యూజీసీ లెక్కలో థియరీ వారానికి ఒక గంట చెబితే ఒక క్రెడిట్, ప్రాక్టికల్ అయితే రెండు గంటలకు ఒక క్రెడిట్. నాలుగు క్రెడిట్ల నాట్యం పేపర్ అంటే వారానికి ఎనిమిది గంటలు నిలబడి చెప్పాలి. సాఫ్ట్‌వేర్ మాత్రం ఎన్ని క్రెడిట్లో అన్నే గంటలని లెక్క వేసింది. అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలని యూజీసీ 2018 నిబంధనలు చెబుతున్నాయి. రెండు ప్రాక్టికల్స్, రెండు గంటల థియరీ కలిపి 18 గంటలు చెబుతున్న మా సహోద్యోగి పేరు పక్కన 10 గంటలు అని వచ్చింది. ఆమెకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. పొద్దున ఏడింటికి హాలు తలుపు తీసే మనిషి ఆమె. ఆ కాగితం పట్టుకుని కూర్చున్న రోజు నాకిప్పటికీ బాధగానే ఉంటుంది. క్రెడిట్లకు ఒక గడి, గంటలకు వేరే గడి పెట్టించడానికి ఏడాది పట్టింది. మీ దగ్గర కొత్తగా ఏదైనా కొంటుంటే డెమోలో మొదట ఈ ఒక్కటి అడగండి.

రెండోది పక్కవాద్యం. టైంటేబుల్‌లో టీచరు, క్లాసు, గది ఢీకొంటే ఎర్రగా చూపిస్తుంది. మృదంగం వాయించే విద్వాంసుడు మాత్రం దానికి లెక్కలో లేడు. మా శాఖకు ఉన్నది ఒక్కరే, గంటల లెక్కన వచ్చేవారు. నాట్యం రెండో సంవత్సరం జతిస్వరం అనే నృత్తాంశానికీ, గాత్రం ఫైనల్ ఇయర్ తని ఆవర్తనానికీ (కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే భాగం) ఒకే టైమ్‌లో ఆయన కావాల్సి వచ్చేది. చివరికి ఆయన్ని ఒక ‘గది’గా నమోదు చేశాం. అప్పటి నుంచి ఒక్కసారి కూడా రెండు క్లాసులు ఢీకొనలేదు. అంత పెద్దాయన పేరు గదుల జాబితాలో పెట్టడానికి మనసొప్పక ముందే వెళ్లి చెప్పాను. “ఏ పేరుతో రాస్తే ఏమమ్మా, ఒకే టైమ్‌కి రెండు చోట్లకి పిలవకండి, అంతే చాలు” అన్నారు. నెలాఖరు బిల్లుకు ఆయన గంటలు కూడా అందులోంచే వస్తున్నాయి కాబట్టి డబ్బు ఆలస్యం తగ్గింది. నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన విషయం ఇదే.

వేలిముద్ర మెషీన్‌తో మరో చిక్కు. వీణ వాయించే పిల్లల ఎడమ చేతి వేళ్ల మీద తంత్రుల గీతలు ఉంటాయి, మృదంగం పిల్లల వేళ్లు కాయలు కాస్తాయి. ప్రదర్శన మర్నాడు నాట్యం పిల్లల వేళ్లకు పారాణి ఉంటుంది. మెషీన్ వీళ్లలో చాలామందిని గుర్తుపట్టలేదు. వీణ వాళ్లకు బొటనవేలు తీసుకుంటే సరిపోయింది. మిగతావాళ్లకు చేతి సంతకం రిజిస్టర్ ఉంచుకున్నాం.

అటెండెన్స్‌లో 75 శాతం నిబంధన అందరికీ ఉన్నదే. మా పిల్లలకు పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనకు తిరువైయారు వెళ్లి పంచరత్న కీర్తనల గోష్ఠిలో కూర్చోవడం కూడా చదువే. యూత్ ఫెస్టివల్‌కి వెళితే ఇంకో వారం. ఇలా వెళ్లిన రోజులకు హాజరు ఇచ్చే ఓడీ (ఆన్ డ్యూటీ) రోజుకొకటి చొప్పున ఒక్కొక్కరికీ విడిగా కొట్టాలి. ఇరవై మంది, ఐదు రోజులంటే వంద ఎంట్రీలు. నాటకం వాళ్లది మరీ కష్టం. ప్రొడక్షన్ రిహార్సల్స్ సాయంత్రం మొదలై రాత్రి పదింటికి ముగుస్తాయి, సాఫ్ట్‌వేర్‌లో ఆరు తర్వాత పీరియడే లేదు. ఇది ఇప్పటికీ సరికాలేదు.

మార్కుల సంగతి బాగా మెరుగైంది. మొదట్లో ప్రాక్టికల్‌కి ఒకే గడి. 41 అని పడితే ఎందుకో పిల్లకి చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు అంగశుద్ధి (భంగిమల స్పష్టత), లయ, అభినయం, నట్టువాంగం (తాళం వేస్తూ జతులు చెప్పడం) విడివిడిగా వేస్తున్నాం. నాటకంలో లైటింగ్ చేసిన వాడికీ, వేషం కట్టిన వాడికీ వేర్వేరు గడులు పెట్టుకున్నాం. ఒక అమ్మాయి తన మార్కులు చూసుకుని “మేడం, లయే తగ్గింది కదా, వేసవిలో నట్టువాంగం కూర్చుంటాను” అంది. జూన్‌లో తాళం తప్పకుండా జతులు చెప్పి వినిపించింది.

వీడియో ఎక్కించడానికి హద్దు 5 ఎంబీ, కూచిపూడిలో తరంగం అనే అంశమే ఇరవై నిమిషాలు. అందుకని లింకు మాత్రమే పెడుతున్నాం, ఫైళ్లు శాఖ హార్డ్ డిస్క్‌లో ఉంటున్నాయి. రిహార్సల్ హాలు బుకింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూసి రెండు నెలలకే మానేశాం. పిల్లలు నిలబడి మాట్లాడుకుని సర్దుకునేది తలుపు దగ్గర వేలాడే నోట్‌బుక్ దగ్గరే, అది అక్కడే ఉంది.

ఐదుకి మూడున్నర ఇస్తాను. రాత్రి పీరియడ్లు, ఓడీ అందరికీ ఒకేసారి వేసే వీలు వస్తే నాలుగున్నర చేస్తాను. ఈ రెండూ అడుగుతూ మళ్లీ ఉత్తరం పెట్టాను.